అమ్ముకునే హక్కు సరే, నిలుపుకునే హక్కు ఏదీ?

సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మా తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, “అన్నా, గుట్ట కింద చేనుకు బేరం వచ్చుండాది. నువ్వొక సంతకం పెడితే పనైపోతాది” అన్నాడు. ఏర్పేడు మండలంలోని మా దళితవాడకు కిలోమీటరు దూరంలో ఉన్న ఆ రెండెకరాల మెట్ట, మా నాయనకు 1976లో ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ భూమి. ఇరవై సూత్రాల కార్యక్రమం పేరుతో భూమిలేని పేదలకు పట్టాలు పంచిన రోజులవి. రాళ్లు ఏరి, తుమ్మ మొద్దులు పెరికి ఆ నేలను చేనుగా మార్చడానికి అమ్మానాయనలకు రెండేళ్లు పట్టిందట. అక్కడ పండిన రాగులు మా కడుపు నింపాయి, శెనక్కాయలు మా పరీక్ష ఫీజులు కట్టాయి. ఈరోజు నేను విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నానంటే దాని వెనుక ఆ రెండెకరాలున్నాయి.

తమ్ముడు ఒక పరిశ్రమలో కాంట్రాక్టు కార్మికుడు. కూతురి చదువుకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతోంది. కొనేవాడు పెట్టిన షరతు ఒకటే: ఇప్పుడు తెల్ల కాగితం మీద అగ్రిమెంటు, నిషేధిత జాబితా నుంచి భూమి బయటపడ్డాక రిజిస్ట్రేషన్. పక్కనే ఉన్న పట్టా భూమి ధరలో సగం కూడా ఇవ్వనంటున్నాడు. ఏమంటే, “డీకేటీ కదా” అంటాడు. నెలనెలా జీతం తీసుకునే నేను అమ్మవద్దని చెప్పగలనా? అసైన్డ్ భూముల పరిరక్షణ గురించి ఇరవై ఏళ్లుగా సదస్సుల్లో మాట్లాడుతున్న నేను అమ్మమని చెప్పగలనా? ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వని ఈ ప్రశ్న నా ఒక్కడిది కాదు. రాయలసీమ దక్షిణ ప్రాంతంలో ప్రతి దళితవాడలోనూ ఇప్పుడు ఇదే ప్రశ్న నడుస్తోంది.

షరతులతో ఇచ్చిన నేల

దళితుడికి భూమి ఇచ్చేటప్పుడు రాజ్యం ఎప్పుడూ షరతు పెట్టే ఇచ్చింది. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ అస్పృశ్యుల దుస్థితి మీద ఇచ్చిన నివేదిక తర్వాత మద్రాసు ప్రభుత్వం 1892 నుంచి వారికి భూములు కేటాయించడం మొదలుపెట్టింది. ఆ భూములు ఇతరుల చేతుల్లోకి పోకుండా కాలక్రమంలో ఆంక్షలూ విధించింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా శ్రీకాళహస్తి ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. అంటే ఈ షరతుల చరిత్ర మనకు పొరుగువారిది కాదు. స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర ప్రాంతంలో 1954 నాటి 1142వ నంబరు జీవో, ప్రభుత్వం ఇచ్చిన భూమిని వారసులు అనుభవించవచ్చు గానీ అమ్మకూడదని స్పష్టం చేసింది. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ఆ షరతుకు శాసన బలం ఇచ్చింది.

ఆ చట్టం ఉద్దేశం మంచిదే. ఆకలికో అప్పుకో పేదవాడు నేల అమ్ముకుంటే ఆ అమ్మకం చెల్లదు. కొన్నవాడి నుంచి భూమిని వెనక్కి తీసుకుని అసలు లబ్ధిదారుకు అప్పగించాలి. తెలిసి కొన్నవాడికి జైలుశిక్ష కూడా పడుతుంది. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆచరణలో ఏం జరిగింది? కొన్నవాడికి శిక్ష పడిన ఉదంతాలు నా పరిశోధనలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా కనబడలేదు. ఆంక్ష పేదవాడిని మాత్రమే కట్టేసింది. అమ్మడానికి వీల్లేని భూమి కాబట్టి దానికి మార్కెట్ విలువ లేదు. విలువ లేదు కాబట్టి అప్పు పుట్టదు. నిజానికి సహకార సంఘానికీ షెడ్యూల్డు బ్యాంకుకూ తాకట్టు పెట్టే వెసులుబాటును 1977 చట్టమే ఇచ్చింది. మా నాయన బావి తవ్వకానికి అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళితే, “డీకేటీ మీద ఇవ్వం” అని తిప్పి పంపారు. చట్టం తెరిచిన తలుపును కౌంటర్ దగ్గర మూసేశారు. నాయన వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాడు. బావి పూర్తి కాలేదు, అప్పు మాత్రం పెరిగింది.

2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ అసైన్డ్ భూముల అన్యాక్రాంతాన్ని ఎత్తిచూపి, పేదల భూమి సమస్యలను పరిష్కరించే యంత్రాంగం గురించి విస్తారంగా సిఫార్సులు చేసింది. ప్రభుత్వాలు మారాయి, సిఫార్సులు అలమరాల్లో మిగిలాయి.

స్వేచ్ఛ వచ్చిన తీరు

2023లో 1977 చట్టాన్ని సవరించి, వ్యవసాయ భూమి అసైన్ అయి 20 ఏళ్లు దాటితే లబ్ధిదారుకు గానీ వారసులకు గానీ అమ్ముకోవడంతో సహా సర్వహక్కులూ ఉంటాయన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డ్ పేరుతో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై ఆ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపివేసి పరిశీలనకు ఆదేశించారు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయిన సంగతి, దానిపై దర్యాప్తుకు ఆదేశించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కాగితమే భూమి అయినచోట కాగితం కాలిపోవడమంటే ఏమిటో భూమి ఉన్నవాడికంటే కాగితం మాత్రమే ఉన్నవాడికి ఎక్కువ తెలుసు.

ఈ సవరణ మీద మన మేధావుల్లో రెండు వాదనలున్నాయి. ఊళ్లో పెద్ద రైతు పట్టా భూమికి లేని షరతు దళితుడి భూమికి ఎందుకు, మా మంచిచెడ్డలు మాకు తెలియవా అన్నది ఒకటి. ఇందులో ఆత్మగౌరవం ఉంది. ఒక జాతి మొత్తాన్ని మైనరు పిల్లవాడిగా చూసే చట్టాన్ని ఎంతకాలం మోస్తాం? ఆంక్ష తీసేస్తే పదేళ్లలో దళితవాడల చుట్టూ సెంటు నేల మిగలదన్నది రెండోది. ఇందులో అనుభవం ఉంది. ఇప్పటికే నోటిమాట మీద, స్టాంపు కాగితం మీద చేతులు మారిన ఎకరాలను చూసినవారి భయం అది.

ఈ రెండు వాదనల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలనుకోవడంలోనే పొరపాటు ఉందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అమ్ముకునే స్వేచ్ఛకు అర్థం రావాలంటే, అమ్మకుండా ఉండగలిగే శక్తి ముందు ఉండాలి. నీరు, అప్పు, గిట్టుబాటు ధర, స్పష్టమైన రికార్డు లేనివాడికి అమ్ముకునే హక్కు ఒక్కటే ఇస్తే అది హక్కుగా మిగలదు, ఊరు విడిచి పోవడానికి దారిఖర్చు అవుతుంది. పెద్ద రైతుకు భూమి అమ్మడం ఒక ఎంపిక. మా తమ్ముడికి అది ఆసుపత్రి బిల్లులాంటిది.

ఏర్పేడు మీద పడిన చూపు

ఇప్పుడే ఈ బేరాలెందుకు వస్తున్నాయి? తిరుపతి ఐఐటీ, ఐసర్‌ల శాశ్వత ప్రాంగణాలు మా మండలంలోనే ఉన్నాయి. విశాఖపట్నం-చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి-ఏర్పేడు ఒక ముఖ్య కేంద్రం. చదువుల సంస్థలనూ పరిశ్రమలనూ వద్దనే మూర్ఖుణ్ణి కాను. విద్యకు అందరూ అర్హులేనని చెప్పిన మలయాళ స్వామి 1926లో వ్యాసాశ్రమం స్థాపించిన ఊరు మాది. అందువల్లే మరో ప్రశ్న అడగాలనిపిస్తుంది. చదువుకు అందరూ అర్హులైనప్పుడు నేలకు ఎందుకు కారు? ప్రాజెక్టుకు స్థలం వెదికే అధికారుల చూపు మొదట పడేది ప్రభుత్వ భూమి, మేత పోరంబోకు, అసైన్డ్ భూముల మీదే. ఆ మూడింటి మీదే మా వాడల గేదెలూ మేకలూ రాగి చేలూ బతుకుతాయి.

సేకరణ జరిగితే పరిహారం ఎంత? ఒకప్పుడు అసైన్డ్ భూమిని షరతు ప్రకారం ఊరికే వెనక్కి తీసుకోవచ్చని వాదించేవారు. 1993లో 1307వ నంబరు జీవో మార్కెట్ విలువకు సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలంది. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా నష్టపరిహారం పొందే హక్కు ఉందని తీర్పు చెప్పింది. దయ నుంచి హక్కుకు జరిగిన ఆ ప్రయాణం మన న్యాయచరిత్రలో చిన్నది కాదు. కానీ ఆ తీర్పు గురించి మా వాడలో ఎందరికి తెలుసు? అగ్రిమెంటు కాగితంతో తిరిగే దళారికి మాత్రం బాగా తెలుసు. సేకరణ రాకముందే తక్కువకు కొని, వచ్చాక పూర్తి పరిహారం అందుకోవచ్చన్నదే అతని లెక్క.

2013 భూసేకరణ చట్టంలో ఆహార భద్రత కోసం ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. బహుళ పంటలు పండే సాగునీటి భూమిని తప్పనిసరి పరిస్థితుల్లో, చివరి మార్గంగా మాత్రమే సేకరించాలని పదో సెక్షన్ అంటుంది. మిగతా వ్యవసాయ భూముల విషయంలో పరిమితిని ప్రభుత్వాల నిర్ణయానికి వదిలింది. ఇక్కడ కులం కనిపించదు, కానీ ఉంది. మాగాణి ఎవరిది? చెరువు కింద కయ్యలు తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉన్నాయి? గుట్ట కింద మెట్ట ఎవరికి పంచారు? చట్టం పంటను చూసి రక్షణ ఇచ్చానని అనుకుంది. చరిత్ర నేలను కులాన్ని బట్టి పంచింది కాబట్టి, రక్షణ కూడా కులాన్ని బట్టే పంపకమైంది. ఆ రక్షణ కూడా 2018లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో సడలింది. పారిశ్రామిక కారిడార్లు సహా కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచీ ఆహార భద్రత అధ్యాయం నుంచీ మినహాయించే వీలు కల్పించారు. ఏర్పేడు కారిడార్ కేంద్రమన్న సంగతి ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోవాలి.

భూమి ఒక్కటే ఉంటే సాగు సాగదు, నీరు కావాలి. మా ప్రాంతపు బావులకు ప్రాణం స్వర్ణముఖి ఇసుక. ఇసుక తోడేస్తే బావులు ఎండుతాయి. ఇసుక తవ్వకాన్ని నియంత్రించడానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం రైతులు ఇసుక అక్రమ తవ్వకాల మీద ఫిర్యాదు చేయడానికి ఏర్పేడు పోలీసుస్టేషన్ దగ్గరకు వచ్చారు. అదుపు తప్పిన లారీ వారి మీదికి దూసుకొచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. చట్టాన్ని అమలు చేయమని అడగడానికి వచ్చిన చిన్న రైతులు వారు. ఆ రోజును నేను ప్రమాదంగా మాత్రమే చదవలేను. ఉన్న చట్టం తనంతట తాను ఊరికి వెళ్లి ఉంటే, ఊరు స్టేషన్ ముందుకు రావలసిన అవసరం ఉండేది కాదు.

నా ఇంట్లోనే ఉన్న అన్యాయం

ఇంతవరకూ వేలెత్తి చూపడం సులువుగానే సాగింది. ఇప్పుడు నా ఇంటి మాట చెప్పాలి. నాయన పోయాడు. రికార్డుల్లో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. యాభై ఏళ్లు ఆ చేనులో వంగి పనిచేసిన అమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆమె రైతు కాదు, రైతు భార్య. అది సరిచేయించాలన్న ఆలోచన ఆచార్యుడినైన నాకు ఇన్నాళ్లూ రాలేదు.

అమ్మకు శక్తి ఉడిగాక ఆ చేనును మా వాడలోనే నేను వదినా అని పిలిచే ఒక ఒంటరి మహిళ గుత్తకు చేస్తోంది. అంతా నోటిమాటే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు ఆమె వేసిన శెనగ విత్తనం నేలలోనే కుళ్లిపోయింది. పరిహారం రాలేదు. రాయించుకోవడానికి పోతే, “భూమి యాడుంది నీకు?” అని అడిగారట. ప్రశ్న అడిగినవారిది తప్పని నేను అనలేను. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆమెకు కౌలు కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. మేము పెట్టలేదు. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం పెద్ద రైతులకే ఉంటుందని సదస్సుల్లో చెప్పే నేను, ఆ భయాన్ని మా ఇంట్లో చూశాను. పెడదామన్నా మరో చిక్కు. 1977 చట్టం దృష్టిలో గుత్తకు ఇవ్వడం కూడా బదలాయింపే, అది చెల్లదు. ఒక పేదవాడిని కాపాడటానికి రాసిన నిబంధన అతనికంటే పేదదైన మనిషిని చట్టానికి కనబడకుండా చేసింది. పీఎం కిసాన్ భూమి రికార్డును చూస్తుంది, ఆమెను చూడదు. 2013 భూసేకరణ చట్టం మాత్రం కౌలుదారునూ కూలీనీ బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. అయితే కౌలుకు రుజువేది అంటే మళ్లీ మా సంతకం దగ్గరకే రావాలి.

ఇక పండించిన తిండి సంగతి. రాగులు గింజలుగా అమ్మితే వదిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పరిధిలోకి రాదు. అది రైతుకు మినహాయింపు ఇచ్చింది. అదే రాగిని మొలకెత్తించి పిండి పట్టించి సంచుల్లో అమ్మితే ఆహార వ్యాపారి అవుతుంది, నమోదు చేయించుకోవాలి. శుభ్రత కోసం నమోదు తప్పు కాదు. కానీ విలువ పెరిగేది పిండి దగ్గరే. చదువూ కాగితమూ ఉన్నవాడు అక్కడ నిలబడతాడు, వదిన గింజల దగ్గరే ఆగిపోతుంది. 2025-26కు రాగులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. మద్దతు ధరకు చట్టబద్ధత లేదు, మా మండలంలో రెండు మూటలు ఉన్నవాడి గుమ్మం దగ్గరకు వచ్చి ఆ ధరకు కొనేవాడూ లేడు. 2013 ఆహార భద్రత చట్టం రేషన్‌లో చిరుధాన్యాలకు చోటిచ్చింది. 2023 మార్చి నుంచి బడిపిల్లలకు రాగి జావ ఇస్తున్నారు. సంతోషమే. ఆ జావలోని రాగి గుట్ట కింది చేలదై ఉండాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు. బిడ్డ బడిలో రాగిజావ తాగుతుంది, తల్లి అదే ఏడు రాగి చేను వదిలేసి కూలికి పోతుంది.

ఏం చేయాలి?

ఫ్రీహోల్డ్ పరిశీలనను గడువు పెట్టి ముగించాలి. అర్హుల పేర్లను గ్రామసభలో చదివి వినిపించి, నిజమైన లబ్ధిదారుల భూములను నిషేధిత జాబితా నుంచి తీసేయాలి. అనుమానం ఉన్నచోట తేల్చాలి గానీ అనుమానం పేరుతో అందరినీ వేలాడదీయకూడదు. ఈ అనిశ్చితే దళారికి పెట్టుబడి. వారసత్వ నమోదులో భార్య పేరు, కూతుళ్ల పేర్లు తప్పనిసరి చేయాలి. అమ్మక తప్పని స్థితి వస్తే ప్రభుత్వమే మార్కెట్ ధరకు కొని, అదే ఊళ్లో భూమిలేని దళిత కుటుంబానికి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. అప్పుడు అమ్మేవాడి స్వేచ్ఛా నిలుస్తుంది, వాడకు నేలా మిగులుతుంది. కౌలు కార్డుకు యజమాని సంతకం బదులు గ్రామసభ ధ్రువీకరణ చాలాలి. భూసేకరణలో మెట్ట భూమికి ఆహార భద్రత రక్షణ మాగాణితో సమానంగా వర్తించాలి. బడికీ హాస్టలుకూ కావలసిన రాగులను మండలంలోని చిన్న రైతుల దగ్గరే, కౌలుదారులతో సహా, మద్దతు ధరకు కొనాలి.

విద్యార్థులకు ఒక మాట. అంబేడ్కర్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా ఎక్కువగా, 1937లో బొంబాయి శాసనసభలో ఖోతీ భూస్వామ్య విధానం రద్దుకు బిల్లు తెచ్చిన నాయకుడిగా తక్కువగా చదువుతాం. 1947 నాటి తన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆయన వ్యవసాయాన్ని రాజ్య పరిశ్రమగా ఊహించడం వెనుక, తునక భూమి చేతికిచ్చి వదిలేస్తే అస్పృశ్యుడు నిలబడలేడన్న ఎరుక ఉంది. ఆయన పరిష్కారంతో విభేదించవచ్చు. ఆయన ప్రశ్న నుంచి మాత్రం తప్పించుకోలేం.

తిరిగి వచ్చే ముందురోజు అమ్మను అడిగాను, అమ్మేద్దామా అని. “మీ నాయన పేరు తీసి నా పేరు రాయించు నాయనా ముందు. నాది అయినంక అమ్మేదా వద్దా నేను చెప్తా” అంది. పుస్తకాల్లో నేను వెదికిన జవాబు ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. సంతకం పెట్టలేదు. తమ్ముడి అప్పులో నా వంతు మోస్తానని చెప్పాను. అది ఒక్క ఇంటి సర్దుబాటే, జీతం రాని అన్నలున్న ఇళ్లకు అది దారి కాదని నాకు తెలుసు. వారసత్వ నమోదుకు దరఖాస్తు పెట్టాం. అది అయ్యాక రెండో సంతకం వదిన కౌలు ఒప్పందం మీద పెట్టాలి. నిషేధిత జాబితా తొలగేదాకా ఆ సంతకానికి చట్టంలో చోటు లేదు. ఆ చోటు కోసమే ఈ వ్యాసం.